ఫ్రిజ్ వెనుక మూత విప్పే ముందు

తిరుపతి జిల్లా సత్యవేడు, వరదయ్యపాలెం మండలాలలో విస్తరించిన శ్రీ సిటీలో 2025 మే 8న ఎల్‌జీ ఎలక్ట్రానిక్స్ సంస్థ కొత్త కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. దాదాపు 5,000 కోట్ల రూపాయల పెట్టుబడితో, 247 ఎకరాలలో తలపెట్టిన ఈ కర్మాగారం పూర్తి సామర్థ్యాన్ని అందుకున్న నాడు ఏటా 8 లక్షల ఫ్రిజ్‌లు, 20 లక్షల కంప్రెసర్లు తయారవుతాయని ఆ సంస్థ ప్రకటించింది. వాషింగ్ మెషీన్లు, ఏసీలు వీటికి అదనం. అంతకు ముందే డైకిన్, బ్లూ స్టార్, హావెల్స్ సంస్థల ఏసీ కర్మాగారాలు అక్కడ పని ప్రారంభించాయి. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే నేల మీద, చల్లదనాన్ని పుట్టించే యంత్రాలు ఇన్ని లక్షలుగా తయారుకానుండడం విశేషమే.

అయితే యంత్రం కర్మాగారంలో పుట్టడం వేరు, మన వంటింట్లో పది పన్నెండేళ్ళు ఆరోగ్యంగా బతకడం వేరు. మొదటిదాన్ని గురించి పత్రికలు పుంఖానుపుంఖాలుగా రాస్తాయి. రెండవదాన్ని గురించి రాసేవారు తక్కువ. ఈ నెల మన శీర్షిక ఆ రెండవ విషయానికే పరిమితం.

శ్రీ సిటీ చుట్టుపక్కల తడ, సూళ్లూరుపేట, సత్యవేడు ప్రాంతాలలో అద్దె ఇళ్ళలో కాపురముంటున్న ఒక సామాన్య కార్మిక కుటుంబాన్ని ఊహించుకోండి. ఈదుల్ అజ్‌హా మరునాటి మధ్యాహ్నం ఫ్రిజ్ ఆగిపోయింది. లోపల దీపం వెలుగుతోంది, చల్లదనం మాత్రం లేదు. పంచగా మిగిలిన ఖుర్బానీ మాంసం, పిల్లల పాలు, మామగారి ఇన్సులిన్, అన్నీ అందులోనే ఉన్నాయి. పిలిచినవారు వచ్చి, చెవి ఆనించి విని, “కంప్రెసర్ పోయిందమ్మా” అని తీర్పు చెప్పి వెళ్తారు. కంప్రెసర్ మార్పిడి అంటే వేల రూపాయల మాట. అంత పెట్టేకన్నా కొత్తది కొనడం మేలని దుకాణదారుడు నెలవారీ వాయిదాల కాగితం ముందు పెడతాడు. ఆ వాయిదాలలో వడ్డీ ఉన్నదా, లేదా అనే ప్రశ్న మన పాఠకులకు వేరే తలనొప్పి. ఇంతా చేసి, ఆ ఫ్రిజ్‌లో పాడైనది కొన్ని వందల రూపాయల విలువైన, అగ్గిపెట్టె పరిమాణంలోని ఒక చిన్న రిలే మాత్రమే అయి ఉండవచ్చు. ఈ రెండు ఖర్చుల నడుమ ఉన్న తేడాయే ఆ కుటుంబపు ఒక నెల కిరాణా.

అందుచేత ఫ్రిజ్‌లో ఏది మనం చేతులు పెట్టదగినదో, ఏది పెట్టకూడనిదో స్పష్టంగా తెలిసి ఉండాలి. ఈ విభజన కష్టమైనదేమీ కాదు. ప్రతి ఫ్రిజ్‌లోనూ ఒక మూసిన ప్రపంచం, ఒక తెరిచిన ప్రపంచం ఉన్నాయి. కంప్రెసర్ వాయువును అదిమి వేడెక్కిస్తుంది. వెనుకవైపున లేదా పక్క రేకుల లోపల ఉండే కండెన్సర్ గొట్టాలు ఆ వేడిని గదిలోకి వదిలివేస్తాయి. వాయువు ద్రవమై సన్నని క్యాపిలరీ గొట్టం గుండా ప్రయాణించి లోపలి ఎవాపొరేటర్‌లోకి చేరి, మళ్ళీ ఆవిరవుతూ ఆహారంలోని వేడిని పీల్చుకుంటుంది. ఈ చక్రమంతా అతుకులు వేసి మూసినది. దీన్ని తెరవడానికి ప్రత్యేక పరికరాలు, శిక్షణ కావాలి. ఇది మన పని కాదు. ఇక దీని చుట్టూ ఉన్న తలుపు రబ్బరు, థర్మోస్టాట్, తలుపు స్విచ్, దీపం, ఫ్యాన్ మోటారు, మంచు కరిగించే హీటరు, కంప్రెసర్‌కు తగిలించిన రిలే, ఓవర్‌లోడ్ వంటివన్నీ తెరిచిన ప్రపంచంలోనివి. స్క్రూడ్రైవరు పట్టడం తెలిసి, ఓపిక, జాగ్రత్త ఉన్న ఇల్లాలైనా, ఇంటాయనైనా వీటిలో చాలావాటిని మార్చుకోవచ్చు.

చేయి పెట్టే ముందు వారంటీ కార్డు చూడండి. చాలా కంపెనీలు మొత్తం యంత్రానికి ఒక సంవత్సరం, కంప్రెసర్‌కు పదేళ్ళు హామీ ఇస్తున్నాయి. గడువు ఉన్నంతకాలం మూత విప్పకపోవడమే వివేకం. కంప్రెసర్ ఉచితమే అయినా గ్యాసుకు, కూలికి డబ్బు అడుగుతారని కూడా ముందే తెలుసుకుని ఉండాలి. కార్డు వెనుక చిన్న అక్షరాలలో ఆ సంగతి ఉంటుంది.

గడువు తీరితే మొదటి పని ప్లగ్గును గోడ నుండి పూర్తిగా పీకివేయడం. స్విచ్ ఆపితే చాలదు. పాత ఇళ్ళలో స్విచ్ ఏ తీగను తెంచుతున్నదో నమ్మకం లేదు. నేల తడిగా ఉండకూడదు, కాళ్ళకు చెప్పులు ఉండాలి, పిల్లలు గదిలో ఉండకూడదు. తలుపు పట్టుకుంటే చేతికి జిల్లుమని తగిలే ఫ్రిజ్‌ను ఒక్క రోజు కూడా వాడవద్దు. అది ఎర్తింగు లోపమో, లోపలి తీగ రేకుకు తగలడమో కావచ్చు. రెండు పిన్నుల ప్లగ్గుతో, పొడిగింపు బోర్డుతో నడిచే ఫ్రిజ్‌లు మన పల్లెలలో ఇంకా కనిపిస్తున్నాయి. మరమ్మతు సంగతి తరువాత, ముందు ఆ పద్ధతి మానుకోవాలి. కంప్రెసర్ పక్కన గుండ్రని డబ్బా వంటి కెపాసిటర్ కనిపిస్తే, ప్లగ్గు పీకిన తరువాత కూడా అందులో విద్యుత్తు నిలిచి ఉంటుందని గుర్తుంచుకోండి. ఇన్వర్టర్ ఫ్రిజ్‌లలో కంప్రెసర్‌ను నడిపేది ఎలక్ట్రానిక్ బోర్డు. దానిలోని కెపాసిటర్లలో ప్రాణాపాయమైన వోల్టేజి నిలిచి ఉండవచ్చు. ఆ బోర్డు మూత విప్పడం గృహస్థుల పని కాదని నిర్మొహమాటంగా చెప్పవలసి ఉంది. ఇకమీద చెప్పబోయే రిలే విషయం ఇన్వర్టర్ కాని మామూలు ఫ్రిజ్‌లకే వర్తిస్తుంది.

రోగ లక్షణం ఇది: ప్లగ్గు పెట్టగానే కంప్రెసర్ కొన్ని క్షణాలు మూలుగుతుంది, “టిక్” అని శబ్దమై ఆగిపోతుంది, కొన్ని నిమిషాల తరువాత మళ్ళీ అదే తంతు. ఈ టిక్ అనే శబ్దం ఓవర్‌లోడ్ అనే రక్షక భాగానిది. కంప్రెసర్ తిరగలేక ఎక్కువ విద్యుత్తు లాగుతున్నప్పుడు, అది కాలిపోకుండా ఈ భాగం సరఫరాను తెంచుతుంది. తిరగలేకపోవడానికి కారణాలు ప్రధానంగా మూడు. వోల్టేజి తక్కువగా ఉండడం మొదటిది; వేసవి సాయంత్రాలలో ఊరంతా ఏసీలు, మోటార్లు నడిచే వేళ ఇది మామూలే. స్టార్టింగు రిలే చెడిపోవడం రెండవది. కంప్రెసర్ నిజంగానే బిగుసుకుపోవడం మూడవది. చాలామంది మొదటి రెండింటినీ పరీక్షించకుండా నేరుగా మూడవదానికి దూకుతారు. మన డబ్బు పోయేది సరిగ్గా అక్కడే.

ఈ రిలే పనిచేసే తీరు తెలిస్తే సగం భయం పోతుంది. నేటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండేది పీటీసీ రిలే. దాని లోపల నాణెం వంటి ఒక పింగాణీ బిళ్ళ ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు అది విద్యుత్తును సులభంగా పోనిస్తుంది. ఆ ప్రవాహం కంప్రెసర్ మోటారును మొదటిసారి తిప్పడానికి కావలసిన ఊతం. క్షణాలలో బిళ్ళ వేడెక్కుతుంది, వేడెక్కగానే దాని నిరోధం అమాంతం పెరిగి ఆ ఊతం తీగను దాదాపు మూసివేస్తుంది. మోటారు అప్పటికే తిరుగుతున్నది కనుక ఊతం అవసరం ఉండదు. కరెంటు పోయి వెంటనే వస్తే బిళ్ళ ఇంకా వేడిగానే ఉంటుంది, మోటారుకు ఊతం దొరకదు, టిక్ అంటుంది. అందుకే కరెంటు వచ్చిన తరువాత ఐదు నిమిషాలు ఆగి ఫ్రిజ్ వేయమంటారు. ఆలస్యంగా సరఫరా ఇచ్చే స్టెబిలైజర్ చేసేదీ అదే. ఈ ఐదు నిమిషాల ఓపిక లేకనే ఎన్నో రిలేలు, కొన్ని కంప్రెసర్లు అర్ధాయుష్షుతో ముగుస్తున్నాయి.

పరీక్షకు ఫ్రిజ్‌ను ముందుకు లాగి, వెనుక అడుగుభాగాన ఉన్న రేకు లేదా అట్ట మూత విప్పండి. నల్లని కుండ వంటి కంప్రెసర్ పక్కన ఒక ప్లాస్టిక్ మూత, దాన్ని పట్టి ఉంచే తీగ క్లిప్పు కనిపిస్తాయి. ఏ తీగ ఎక్కడ ఉన్నదో ముందుగా ఫోనులో ఫోటో తీసుకోండి. ఈ ఒక్క పని చేస్తే మరమ్మతులో సగం చిక్కులు రావు. మూత తీసి రిలేను నేరుగా వెనక్కి లాగితే కంప్రెసర్ మూడు పిన్నుల నుండి ఊడి వస్తుంది. చెవి దగ్గర ఊపండి. లోపల గలగలమంటే బిళ్ళ పగిలినట్టే. మాడిన వాసన, నల్లని మరక ఉంటే వేరే సాక్ష్యం అక్కరలేదు. ఏమీ లేకపోతే మల్టీమీటరు తీయాలి. ఇది కొన్ని వందల రూపాయలకే దొరికే పరికరం. ఇంటికొకటి కాకపోయినా వీధికొకటి ఉండదగినది. కంప్రెసర్ మూడు పిన్నులనూ రెండేసి చొప్పున కొలిస్తే మూడు అంకెలు వస్తాయి. వాటిలో పెద్ద అంకె మిగతా రెండింటి మొత్తానికి ఇంచుమించు సమానంగా ఉంటే మోటారు చుట్లు క్షేమంగా ఉన్నాయని అర్థం. తరువాత ప్రతి పిన్నుకూ, కంప్రెసర్ ఇనుప ఒంటికీ మధ్య రంగు గీకిన చోట కొలవాలి. అక్కడ ఏమాత్రం ప్రవాహం కనిపించినా చుట్టు ఒంటికి తగిలిందని అర్థం. ఆ ఫ్రిజ్‌కు మళ్ళీ ప్లగ్గు పెట్టవద్దు, మెకానిక్‌ను పిలవండి. చుట్లు బాగుండి, గోడ సాకెట్టు దగ్గర వోల్టేజి సరిగా ఉండి, అయినా టిక్ మంటున్నదంటే రిలేనూ ఓవర్‌లోడ్‌నూ జంటగా మార్చి చూడడం న్యాయం. అప్పటికీ కదలకపోతే కంప్రెసర్ తీర్పును అంగీకరించవచ్చు.

కొనేటప్పుడు చాలామంది ఫ్రిజ్ పేరు, లీటర్లు చెబుతారు. రిలేకు కావలసినది కంప్రెసర్ మీద అంటించిన చీటీలోని నంబరు. ఓవర్‌లోడ్ అయితే మరీ జాగ్రత్త; కంప్రెసర్ సామర్థ్యానికి మించినది పెడితే కాపలాదారుకు నిద్రమందు పెట్టినట్టే, మోటారు కాలుతున్నా అది తెంచదు. పాత భాగాన్ని చేతిలో పట్టుకుని దుకాణానికి వెళ్ళడం అన్నిటికన్నా మంచి పద్ధతి.

తలుపు రబ్బరు సంగతి ఇంతకన్నా తేలిక, నిర్లక్ష్యం మాత్రం ఇంతకన్నా ఎక్కువ. ఒక కాగితాన్ని తలుపు సందులో ఉంచి మూసి మెల్లగా లాగండి. పట్టు లేకుండా జారివస్తే అక్కడ రబ్బరు ఆనడం లేదు. నాలుగు వైపులా ఇలా చూడాలి. ముందు గోరువెచ్చని సబ్బునీటితో మడతలలోని జిడ్డు, నల్లని బూజు కడిగి తుడవండి. చాలాసార్లు అంతటితోనే పట్టు తిరిగి వస్తుంది. చిరిగినా, గట్టిపడినా మార్చాలి. కొన్నింటిలో రబ్బరు గాడిలో దూరి ఉంటుంది, కొన్నింటిలో దాని అంచు ఎత్తితే స్క్రూలు కనిపిస్తాయి. కొత్త రబ్బరు మడిచి ప్యాకు చేయడం వల్ల వంకరలు పోయి వస్తుంది. వేడి నీటిలో కొంతసేపు ఉంచితే తిన్నగా అవుతుంది. పులికాట్ సరస్సు వైపు నుంచి ఉప్పుగాలి వీచే తడ ప్రాంతంలో తలుపు సందులోంచి చొరబడే తేమ మామూలు చోట్లకన్నా ఎక్కువే ఉంటుంది కనుక ఈ పరీక్షను ఆరు నెలలకొకసారి చేయడం మంచిది.

ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లలో మరో చిత్రమైన ఫిర్యాదు వినిపిస్తుంది: “పైన ఐసు గడ్డకడుతోంది, కింద పాలు విరిగిపోతున్నాయి.” ఇక్కడ కంప్రెసర్ నిక్షేపంగా పనిచేస్తున్నది. ఫ్రీజరు వెనుక పలక లోపల చల్లదనపు గొట్టాల మీద పేరుకున్న మంచు గాలికి అడ్డుపడుతున్నది. ఆ మంచును రోజూ కొద్దికొద్దిగా కరిగించవలసిన ఏర్పాటులో హీటరో, బైమెటలో, థర్మల్ ఫ్యూజో, టైమరో లేదా సెన్సరో పనిచేయడం లేదు. నిర్ధారణకు ఖర్చులేని మార్గం ఉంది: అన్నీ ఖాళీ చేసి, ప్లగ్గు తీసి, తలుపులు తెరిచి ఒక పూర్తి రోజు వదిలేయండి. తిరిగి వేసినప్పుడు కొన్ని రోజులు చక్కగా నడిచి మళ్ళీ మొరాయిస్తే లోపం ఇక్కడే. ఈ భాగాలను కొలిచేటప్పుడు తెలివైనవారు కూడా పొరబడే చోటు ఒకటుంది. బైమెటల్ గడ్డకట్టే చలిలోనే కలుస్తుంది. గది వేడిలో కొలిస్తే తెగినట్టే చూపుతుంది, అది చెడిపోయినట్టు కాదు. థర్మల్ ఫ్యూజు మాత్రం ఎప్పుడు కొలిచినా కలిసే ఉండాలి. ఫ్యూజు పోయిందని తేలితే రెండు తీగలూ కలిపి ముడివేసే ‘చిట్కా’ కొందరు చేస్తారు. హీటరు ఆగకుండా కాలితే నిప్పు అంటుకోకుండా ఆపేది ఆ ఫ్యూజు ఒక్కటే. అలా ముడివేసిన వ్యక్తిని మళ్ళీ గుమ్మం తొక్కనివ్వకండి.

కూరగాయల పెట్టె కింద నీళ్ళు చేరడం లోపమే కాదు, మురికి. వెనుక గోడ దిగువన ఉన్న చిన్న రంధ్రం మూసుకుపోయి ఉంటుంది. సూది లేని సిరంజితో గోరువెచ్చని నీళ్ళు కొడితే తెరుచుకుంటుంది. దీపం వెలగకపోతే బల్బు, అదీ కాకపోతే తలుపు స్విచ్. వీటికి ఎవరినీ పిలవవలసిన పని లేదు.

ఒకే తలుపున్న పాత తరహా ఫ్రిజ్‌లకు మన చేతులతో మనం చేసే ద్రోహం వేరొకటుంది. ఐసులో అతుక్కుపోయిన మాంసం పొట్లాన్ని కత్తితో, గరిటెతో పొడిచి లాగడం. ఆ ఫ్రీజరు పెట్టె గోడలే ఎవాపొరేటర్. పలచని అల్యూమినియం లోపల వాయువు ప్రవహిస్తున్నది. ఒక్క పోటుతో చిల్లు పడుతుంది, బుస్సుమని గ్యాసు పోతుంది, వందల రూపాయల వ్యవహారం వేలలోకి మారుతుంది. బక్రీదు వారంలో మెకానిక్‌ల చేతి నిండా పని ఉండడానికి ఈ కత్తులు కూడా ఒక కారణం. బటన్ నొక్కి మంచు కరగనివ్వడానికి కావలసింది కొన్ని గంటల సహనమే.

గ్యాసు మాట వచ్చింది కనుక ఒక అపోహను తొలగించాలి. “గ్యాసు అయిపోయింది, నింపాలి” అనే మాట వంటగ్యాసుకు సరిపోతుంది కానీ ఫ్రిజ్‌కు కాదు. మూసిన చక్రంలో వాయువు ఖర్చు కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. కారే చోటును వెతికి మూయకుండా, ఫిల్టరు మార్చకుండా, లోపలి గాలిని వాక్యూం పంపుతో పూర్తిగా తీయకుండా ఉత్త గ్యాసు నింపి వెళ్ళేవారికి ఇచ్చిన డబ్బు గాలిలో కలిసినట్టే. మనం చేయవలసింది గ్యాసు నింపడం కాదు, “ఎక్కడ కారింది, చూపించండి” అని అడగడం. పూర్వపు ఫ్రిజ్‌లలో ఓజోన్ పొరకు హాని చేసే ఆర్-12 ఉండేది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తరువాత దాన్ని క్రమంగా తప్పించి ఆర్-134ఎ వాడారు. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది ఆర్-600ఎ, అంటే ఐసోబ్యూటేన్. ఇది వంటగ్యాసు కుటుంబానికి చెందినది, మండే గుణం కలది. ఇంటి ఫ్రిజ్‌లో ఉండేది కొన్ని పదుల గ్రాములే అయినా, మూసిన వంటగదిలో కారి నిప్పురవ్వ తగిలితే ప్రమాదమే. కంప్రెసర్ మీద పసుపు త్రికోణంలో మంట గుర్తు కనిపిస్తే అతుకు మంట పెట్టడం, గొట్టం కోయడం వంటివి శిక్షణ లేనివారిని చేయనివ్వకండి. మన తెరిచిన ప్రపంచపు పని కూడా కిటికీలు తెరిచి, పొయ్యి ఆర్పి చేయండి.

ఇంతవరకు చెప్పిన పనులన్నీ ఒక్క షరతు మీద ఆధారపడి ఉన్నాయి. సరైన విడిభాగం దొరకాలి. ఆరేడేళ్ళు గడిచిన మోడలుకు రబ్బరు రావడం లేదనే మాట తరచుగా వింటున్నాము. ఇక్కడ మన హైదరాబాదు చరిత్ర ఒకటి గుర్తుకు వస్తుంది. 1942లో నిజాం ప్రభుత్వ పారిశ్రామిక నిధి, అలాదీన్ కుటుంబ సంస్థ భాగస్వామ్యంతో ప్రారంభమైన ఆల్విన్, తరువాతి దశాబ్దాలలో తెలుగు ఇళ్ళకు ఫ్రిజ్‌లు అందించింది. 1990వ దశకంలో దాని ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి పోయింది. సంస్థలు పేర్లు మార్చుకుంటాయి, చేతులు మారతాయి, కొన్ని కనుమరుగవుతాయి. వారి యంత్రం మాత్రం మన ఇంటి మూలలో నిలిచే ఉంటుంది. దాని భాగాలు ఎంతకాలం దొరకాలన్నది కంపెనీ దయకు వదలవలసిన విషయం కాదని ఐరోపా సమాఖ్య 2019లోనే నియమం చేసింది. 2021 మార్చి నుండి అమలులోకి వచ్చిన ఆ నియమం ప్రకారం, ఒక మోడలు అమ్మకం ముగిసిన తరువాత కూడా థర్మోస్టాట్లు, సెన్సర్ల వంటివి కనీసం ఏడేళ్ళు, తలుపు రబ్బరు పదేళ్ళు అందుబాటులో ఉంచాలి. రబ్బరు, తలుపు పిడులు, అరల వంటివి మెకానిక్‌లకే కాక మామూలు వినియోగదారులకూ అమ్మాలి.

మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కుపై ఒక కమిటీని నియమించింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, వాహనాలతో పాటు ఫ్రిజ్‌ల వంటి గృహోపకరణాలను కూడా దాని పరిధిలో చేర్చింది. ఆ సంవత్సరం డిసెంబరు 24న కంపెనీల మరమ్మతు వివరాలను ఒకచోట చేర్చే పోర్టల్‌ను ప్రారంభించింది. మంచి ప్రారంభమే, కానీ వివరాలు ఇవ్వడం వేరు, భాగం ఇవ్వడం వేరు. ఏటా 8 లక్షల ఫ్రిజ్‌లు తయారు చేయబోయే చోటికి కూతవేటు దూరంలో నివసించే మనిషికి ఒక తలుపు రబ్బరు దొరకని స్థితి రాకూడదని అడిగే అధికారం మనకుంది. కొనేటప్పుడే “దీని భాగాలు ఎన్నేళ్ళు ఇస్తారు? రాసివ్వండి” అని అడగండి. దుకాణదారుడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. భాగం ఉండి కూడా అమ్మకపోతే, అనవసరంగా కొత్తది అంటగట్టజూస్తే, జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయవచ్చు.

ఈ పనులన్నీ మగవారివేనన్న అభిప్రాయం ఒకటి మన ఇళ్ళలో పాతుకుపోయి ఉంది. 2015లో శ్రీ సిటీలో మొబైల్ ఫోన్ల తయారీ మొదలుపెట్టిన ఫాక్స్‌కాన్ కర్మాగారంలో పనిచేసిన కార్మికులలో అత్యధికులు చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలే. గోరంత స్క్రూలను బిగించి వేలాది ఫోన్లకు ప్రాణం పోసిన ఆ చేతులు తమ ఇంటి ఫ్రిజ్ వెనుక నాలుగు స్క్రూలు విప్పలేవని ఎవరైనా అంటే నవ్వు వస్తుంది. ఇక మగవారి మాట. చెప్పు తెగితే స్వయంగా కుట్టుకున్న దైవప్రవక్త (స) జీవితాన్ని ప్రసంగాలలో వినడమే కానీ, సెలవు రోజున ఒక గంట తలుపు రబ్బరు కడగడానికి వెచ్చించేవారు మన మొహల్లాలలో ఎందరు?

మెకానిక్‌ల పొట్టకొట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఐటీఐలలో ఈ విద్యకు రెండేళ్ళ కోర్సు ఉంది. అది నేర్చి, వాక్యూం పంపు మోసుకుని మేడలు ఎక్కేవారి శ్రమకు తగిన ధర ఇవ్వాలి. మీటరు పెట్టి కొలిచి చూపించేవానికి, పాత భాగాన్ని మీ చేతికిచ్చి వెళ్ళేవానికి అడిగినంత ఇచ్చినా నష్టం లేదు. చెవి ఆనించి తీర్పు చెప్పేవాని విషయంలోనే రెండవ అభిప్రాయం తీసుకోవాలి.

భాగం వచ్చేలోపు లోపలి వస్తువుల సంగతి చూడాలి. తలుపు తెరవకుండా ఉంచితే ఫ్రిజ్‌లోని ఆహారం సుమారు నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజరు దాదాపు రెండు రోజులు, సగం నిండినది ఒక రోజు చల్లదనాన్ని నిలుపుతాయి. మన ఎండలలో ఈ గడువును కొంత తగ్గించి లెక్కవేసుకోవడం మంచిది. ఇన్సులిన్‌ను ముందుగా పొరుగింటి ఫ్రిజ్‌కు చేర్చండి. అది 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. కనుక ఐసు ముక్కల మధ్య నేరుగా పెట్టవద్దు. వాడుతున్న సీసా అయితే కొన్ని రోజులు నీడలో, తడి గుడ్డ చుట్టిన మట్టికుండలో నిలుస్తుంది. ఎన్ని రోజులన్నది దాని పెట్టెలోని కాగితం చెబుతుంది. ఇక మాంసం. మదీనాలో ఒక ఏడాది కరవు పీడితులు వచ్చినప్పుడు ఖుర్బానీ మాంసాన్ని మూడు రోజులకు మించి దాచవద్దని దైవప్రవక్త (స) ఆదేశించి, ఆ అవసరం తీరిన తరువాత దాచుకోవడానికి అనుమతించిన సంగతి హదీసు గ్రంథాలలో ఉంది. దాచుకోవడం ధర్మబద్ధమే. ఫ్రిజ్ ఆగిన రోజున మాత్రం, పాడయ్యేదాకా ఎదురుచూడకుండా సాయంత్రంలోగా ఇంకో నాలుగిళ్ళకు పంపడం తెలివైన పని.

మరమ్మతు పూర్తయ్యాక ఫ్రిజ్‌ను వెంటనే నింపకండి. గోడకు, వెనుక గొట్టాలకు మధ్య కనీసం జానెడు ఎడం ఇచ్చి, గొట్టాల మీది దుమ్మును మెత్తని బ్రష్షుతో దులిపి, ఖాళీగా కొన్ని గంటలు నడవనివ్వండి. మధ్య అరలో ఒక గ్లాసు నీళ్ళు పెట్టి, అందులో థర్మామీటరు ఉంచి మరునాటి ఉదయం చూడండి. నాలుగు డిగ్రీలు లేదా అంతకన్నా కాస్త తక్కువ చూపితే పాలు తెచ్చి పెట్టుకోవచ్చు.